అమ్మ అంటించిన బీడీ

1973 ఆగస్టు 20, సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. కోలారు బంగారు గనిలోకి దిగే షాఫ్టు గేటు గోడకు ఒక గడియారం ఉండేది. కాలేజీ బస్సు తప్పిపోకూడదని నేను దానివైపే చూస్తూ ఉండేదాన్ని కనుక సమయం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. రాత్రి షిఫ్టు ముగించుకుని మనుషులు గేటు దాటి బయటికి వస్తున్నారు. మా అమ్మ పొయ్యి ఆర్పి, ఇడ్లీ గుండిగ మీద మూత పెట్టి లేచింది. పక్కనే ఉన్న పెట్టెంగడి దగ్గరికి నడిచింది. రొంటిన దోపుకున్న బీడీ తీసి, అంగడి స్తంభానికి వేలాడుతున్న కొబ్బరితాడు కొసన ఉన్న నిప్పుకు ఆనించి అంటించుకుంది. తిరిగి వచ్చి, తన రాతి మీద కూర్చుని, అందరూ చూస్తూ ఉండగా త్రాగింది.

ఆ కొబ్బరితాడు ఎవరి సొత్తూ కాదు. పగలూ రాత్రీ కొస రగులుతూ ఉండేది. రాతిని పేల్చే మందు దగ్గర పని కాబట్టి గనిలోకి అగ్గిపెట్టె పట్టుకుపోకూడదు. ఒక షిఫ్టు సేపు పొగ ముఖం చూడని మనుషులు బయటికి రాగానే ముందు వెళ్లేది ఆ తాడు దగ్గరికే. నీళ్లు త్రాగడం కూడా తరువాతే. తాడు చుట్టూ తలలు గుంపు కట్టేవి. ఒకడు అంటించుకుని పక్కవాడికి నిప్పు ఇచ్చేవాడు, ఆ పక్కవాడు ఇంకొకడికి. వాళ్లలో వాళ్లకు ఎన్ని తగాదాలున్నా నిప్పు అడిగితే లేదనేవారు కాదు. వాళ్లు బీడీలు పట్టుకుని మా అమ్మ చుట్టూ నిలబడి, ఒక చేత్తో ఇడ్లీ, మరో చేత్తో పొగ, రెండూ కానిచ్చేవారు.

ఆ రోజు ఆ గుంపు మొత్తం ఒక్కసారిగా ఆమెవైపు తిరిగింది. ముందు నోరు విప్పినవాడు మా నాన్న పనిచేసిన గ్యాంగులోని కుర్రవాడే.

"ఏంది వొదినా, ఇడ్లీ ఆవిరి సాలలేదా, పొగ గూడా పెట్టినావు?"

"సుమ్నే ఊరకుండప్పా, రేపట్నుంచి షిఫ్టుకు గూడా దిగుతాది. హెల్మెట్టు ఒకటి ఎత్తిపెట్టండి," అన్నాడు ఇంకొకడు.

"మీసాలు యాడమ్మా? మొలిసినంక చెప్పు, కత్తెర నేనే తెస్తాను."

ఈ ముగ్గురి నోళ్లలోనూ బీడీలు ఉన్నాయి. అమ్మ ఎవరి ముఖమూ చూడలేదు. మొదటివాడిని, "నీకు రెండా, మూడా?" అని మాత్రం అడిగింది. అతను చేతిలోకి తీసుకున్న ఆకును మళ్లీ ఆకుల దొంతర మీద పెట్టేశాడు. "వద్దులే వొదినా. ఆ చేతి ఇడ్లీ దిగదు," అన్నాడు.

అంతకుముందు అమ్మ బహిరంగంగా త్రాగలేదు. మా లైను ఇళ్ల వరుస వెనుక, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ వైపు, ఆడవాళ్లు మరుగుకు వెళ్లే చోట చీకటితోనే ఒకటి, సాయంత్రం చీకటి పడ్డాక ఒకటి త్రాగి వచ్చేది. ఆ వారం వానకు దిబ్బ మీది మట్టి జారి ఆ చోటంతా మోకాటిలోతు బురద అయింది. ముందురోజు సాయంత్రం నుంచి ఆమెకు బీడీ లేదు. తెల్లవారుజామున పప్పు పోపు పెడుతూనే ఆమె రెండుసార్లు తల పట్టుకుని కూర్చోవడం చూశాను. ఆమె తెగించిందని తరువాత చాలామంది అన్నారు. నాకు తెలిసినంతవరకు తెగింపు ఏమీ లేదు. తలనొప్పి భరించలేకపోయింది.

ఇంట్లో త్రాగవచ్చు కదా అని ఈ కాలంవారు అడగవచ్చు. మావి వెదురు తట్టీ ఇళ్లు, తడికెలే గోడలు. గోడ నుంచి గోడకు ఆనుకుని వరుసగా ఉండేవి. మా పక్క లైనులో ఎప్పుడో ఒక ఇల్లు అంటుకుంటే గంటలోపల వరుస వరుసంతా పోయిందట. అప్పటినుంచి తట్టీ లోపల ఎవరూ బీడీ ముట్టించకూడదని కట్టుబాటు చేసుకున్నారు. పొయ్యిలు కూడా ఇంటి ముందు రేకు కిందే. కాబట్టి మా లైనులో పొగ అనేది పూర్తిగా ఆరుబయటి సంగతి. సాయంత్రమైతే మగవాళ్లంతా వీధి పొడుగునా రాళ్ల మీద కూర్చుని త్రాగేవారు. ఆ పొగలోంచే నీళ్ల బిందెలు వచ్చేవి, బాలింతలు నడిచేవారు, పిల్లలు పరుగెత్తేవారు. గని దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడిపోయి వీధిలో వేసిన మంచం మీద ఎగశ్వాస పడుతున్నవాడి తలాపునే కూర్చుని, అతన్ని చూడవచ్చినవాళ్లు త్రాగేవారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు. ఈ రోజు కోలారు బస్టాండులో పొగ త్రాగరాదని బోర్డు ఉంది. యువకులు గోడ మూలకు వెళ్లి తల వంచుకుని త్రాగి వస్తున్నారు. ఆ రోజుల్లో అలా తల వంచుకోవలసిన మనిషి మా లైను మొత్తానికి మా అమ్మ ఒక్కతే.

అమ్మకు ఆ అలవాటు ఎలా వచ్చిందో చెప్పాలంటే మా లైనులోని ఒక పద్ధతి చెప్పాలి. మగవాడు డ్యూటీకి బయలుదేరేటప్పుడు భార్య పొయ్యి దగ్గర బీడీ అంటించి అతని చేతికి ఇచ్చేది. ఊరకే నిప్పుకు పెడితే బీడీ అంటుకోదు, గాలి లాగాలి. కనుక ఆమె దాన్ని పెదవుల మధ్య పెట్టుకుని, పొయ్యి మీదికి వంగి, కొస ఎర్రబడేదాకా రెండు సార్లు పీల్చి, కాలే కొస తనవైపు తిప్పుకుని, నోటి కొస భర్తవైపు చాచి ఇచ్చేది. అది ఎంగిలి అని ఎవరూ అనుకునేవారు కాదు. భార్య చేతి ముద్దలాంటిదే అదీ. ప్రతి గడపలోనూ ప్రతి షిఫ్టుకూ ఇదే. ఆ రెండు పీల్పులు పొగత్రాగడం కింద లెక్క కాదు, సంసారం కింద లెక్క. అలా పదుల ఏళ్లు పీల్చిన ఆడవాళ్లలో కొందరికి అలవాటు పట్టేది. భర్త ఉన్నంతకాలం అది బయటపడేది కాదు, రెండు పీల్పులు నాలుగు చేసుకుంటే సరిపోయేది.

నాన్న చివరి ఏడాది గనికి పోలేదు. ఆయనకూ దుమ్ము జబ్బే. పీల్చే శక్తి లేదు, అయినా వాసన కావాలనేవారు. అమ్మ ఇంటి ముందు రేకు కింద ఆయన మంచం వేసి, బీడీ అంటించి ఆయన ముఖం దగ్గర పట్టుకుని కూర్చునేది. ఆరిపోకుండా మధ్యమధ్య తనే పీల్చేది. ఆయన పోయాక అంటించి ఇవ్వడానికి ఎవరూ లేరు, అమ్మకు మాత్రం కావాలి. ఇదీ ఆమె నేరం.

మా ఇంట్లో అప్పటికి రెండు పొట్టలు, ఒక బి.ఎ. ఆ ఇడ్లీ గుండిగ మీదే నడుస్తున్నాయి. మా వంశంలో కాలేజీ మెట్టు ఎక్కినదాన్ని నేనే మొదలు, అది నా చివరి సంవత్సరం. గుండిగ ఆగితే ఏవి ఆగుతాయో మా ఇద్దరికీ తెలుసు. 

మరుసటి ఉదయం ఇడ్లీలు సగం మిగిలాయి. ఆ మరుసటి రోజు ఇంకా ఎక్కువ మిగిలాయి. మధ్యాహ్నం అవే తిని, రాత్రికీ అవే తిని, మిగిలినవి లైను చివరి మేకలకు వేశాము. మనుషులు అమ్మ ముందునుంచే నడిచి వెళ్లేవారు. వెళ్తూ వెళ్తూ ఒకడు, "ఇడ్లీ వద్దక్కా, బీడీ ఉంటే ఒకటి ఇయ్యి," అనేవాడు. వెనకవాడు, "ఎంగిలిదైనా పర్వాలేదంట," అనేవాడు.

కుళాయి దగ్గర ఆడవాళ్లు ఇంతకంటె తక్కువ కాదు. వాళ్లందరి దవడల్లోనూ పొగాకు ఉండేది. మాట్లాడాలంటే ముందు ఉమ్మి రావాలి.

"పాపా, మీ యమ్మ పొద్దున్నే రైలింజను మాదిరి పోతా ఉండాదంట గదా?" అని మా ఎదురింటామె నన్ను అడిగింది.

"మీరు కూడా పొగాకు వేసుకుంటున్నారు కదమ్మా," అన్నాను.

"మేము నములుతామే పాపా. నమిలితే పొగొస్తాదా? నోరు మూసుకుంటే ఎవురికి తెలుస్తాది? మీ యమ్మది నెత్తి మీదికెల్లి పోతాది, ఊరంతా కనపడతాది."

"మొగుడు పోయి ఏడాది తిరగలేదు. ఆయప్ప పొగ అణగలేదు, ఈయమ్మ పొగ లేచింది," అంది ఇంకొకామె. బిందెలు కింద పెట్టి మరీ నవ్వారు. చితి గురించి అలా నవ్వగలగడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. నా బిందె నిండేవరకు అక్కడే నిలబడ్డాను, ఎందుకంటే నీళ్లు లేకుండా ఇంటికి పోలేను.

ఆ ఆదివారం మేస్త్రీ మా ఇంటికి వచ్చారు. నాన్న ఉన్న గ్యాంగుకు ఆయనే పెద్ద. షాఫ్టు గేటు దగ్గర ఎవరు ఎక్కడ కూర్చుని ఏమి అమ్మాలో ఏ కాగితంలోనూ లేదు, ఆయన మాటలో ఉండేది. వెంట ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు. రేకు కింద ముక్కాలి పీట వేశాను. ఆయన కూర్చుని, ముందు బీడీ ముట్టించి, తరువాత మాట మొదలుపెట్టారు.

"చూడమ్మా, నీ మొగుడు నా కింద పనిచేసినోడు. నిన్ను చెల్లెలనే అనుకుంటా ఉండాను. అందుకే నేనే వచ్చినాను. వేరేవాళ్లయితే రారు, నేరుగా గుండిగ తన్నేస్తారు."

"ఏమి తప్పు చేసినానన్నా?" అంది అమ్మ.

"తప్పని నేను అన్లేదు. తాగద్దని గూడా అన్లేదు. నలుగురిలో తాగద్దంటా ఉండాను."

"ఇంట్లో తాగేదా?"

"ఇంట్లోనా?" ఆయన తట్టీ గోడ వైపు చూసి, చేతిలోని బీడీని ఇంకొంచెం దూరంగా పట్టుకున్నారు. "తట్టీ అంటుకుంటే లైనంతా బూడిదవుతాది. ఇంట్లో ఎవరైనా ముట్టిస్తారా?"

"మరి యాడ తాగేదన్నా?"

మేస్త్రీ పెద్దమనుషుల వైపు తిరిగారు. పెద్దమనుషుల్లో ఒకరు అందుకున్నారు. "తాగకుండా ఉంటే ఏమి పోతాదమ్మా? ప్రాణం పోతాదా?"

"మీరు?"

"మేము మొగోళ్లం గదమ్మా! భూమి లోపలికి దిగి బతికొస్తామో లేదో తెలీదు. మాకూ నీకూ ఒకటేనా?"

మేస్త్రీ చెయ్యి ఎత్తి ఆయనను ఆపారు. మెత్తగా అన్నారు. "ఆ చోటు అడిగేవాళ్లు శానామంది ఉండారమ్మా. నా పెండ్లాము చెల్లెలే అడుగుతా ఉండాది. మొగుడు లేని మనిషి, చదివే ఆడపిల్ల ఉండాది, పాపమని నేనే ఆపుతా ఉండాను. నువ్వు కానీ ఒక మాట ఇస్తే, రేపు పొద్దున మొదటి ఇడ్లీ నేనే తింటాను. నేను తింటే అందరూ తింటారు."

అమ్మ లేచి లోపలికి వెళ్లింది. దూలం సందులో దాచుకున్న బీడీల కట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నిలిపేస్తానన్నా," అంది. ఆయన కట్టను జేబులో వేసుకున్నారు. వీధి మలుపు తిరిగేలోపలే అందులోంచి ఒకటి తీసి పెద్దమనిషికి ఇచ్చి, తానొకటి ముట్టించుకోవడం రేకు కింద నిలబడి మేము ఇద్దరమూ చూశాము.

మానడం ఎంత కష్టమో నేను పుస్తకాల్లో తరువాత చదివాను. ముందు చూసింది అమ్మలోనే. గరిట చేతిలోంచి జారేది. ఉప్పు వేశానో లేదో గుర్తుండక రెండుసార్లు వేసేది. అకారణంగా నన్ను కోప్పడి, మరుక్షణం నా జడ తానే అల్లేది. ఎదురింటామె జాలిపడినట్టు ఒక పొగాకు కాడ ఇచ్చి, "ఇది వేసుకో, మాలాగా మర్యాదగా ఉండు," అంది. అమ్మ దాన్ని నమిలి వీధి కాలువ పక్కన కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కింది. ఎదురింటామె ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చి చూపించింది.

మేస్త్రీ మాట తప్పలేదు. సోమవారం ఉదయం మొదటి ఇడ్లీ ఆయనే తిన్నారు. ఆయన వెనుక అందరూ ఆకులు పట్టుకున్నారు. గుండిగ మళ్లీ ఖాళీ కావడం మొదలైంది. నా కాలేజీ నిలబడింది. నేను ఇక ఈ సంగతి ముగిసిందనుకున్నాను. కానీ వాళ్లకు అప్పుడే కొత్త వినోదం దొరికింది.

అమ్మకు కావలసిందేమిటో ఇప్పుడు అందరికీ తెలుసు. అది ఆమెకు దక్కదనీ తెలుసు. ఇడ్లీ తిని, చేతులు కడిగి, బీడీ అంటించుకుని, ఆమె ముఖం మీదికి వంగి పొగ వదిలేవారు. "వాసన ఉచితం వొదినా, పీల్చుకో," అనేవారు. సగం కాలిన బీడీని ఆమె కూర్చున్న రాతి అంచున, చేతికి అందేంత దూరంలో వదిలి, "మర్చిపోయినానక్కా, చూస్తా ఉండు," అని అవతలికి వెళ్లి తిరిగి చూసేవారు. ఆమె పట్టకారుతో దాన్ని ఎత్తి పొయ్యిలో వేసేది. అప్పుడు చప్పట్లు. ఎప్పటికైనా ఆమె ఒక పీల్పు పీలుస్తుందా లేదా అని టీల మీద పందేలు కట్టారు. ఆ పందెం వారాల తరబడి నడిచింది.

నేను ఒకసారి ఉండబట్టలేక, "మీరు ఎందుకు ఇలా చేస్తున్నారు? ఆమె మీ మాట విన్నది కదా," అన్నాను.

"బి.ఎ. పాప అడుగుతా ఉండాది, జవాబు చెప్పండప్పా," అన్నాడు గ్యాంగు కుర్రవాడు. "ఇంగ్లీషులో చెప్పాలేమో!"

"ఇంగ్లీషులో ఏముండాది తంబీ, నో స్మోకింగ్," అన్నాడు ఇంకొకడు, అమ్మ ముఖం మీదికి పొగ ఊదుతూ.

అమ్మ నా చేతిమీద తట్టి, "బస్సుకు టైమయింది, పో పాపా," అంది.

నవంబరులో వానలు పట్టుకున్నాయి. ఒక ఉదయం పెట్టెంగడి రేకు కారి కొబ్బరితాడు తడిసి ఆరిపోయింది. అంగడతని అగ్గిపెట్టెలూ మెత్తబడ్డాయి. షిఫ్టు ముగించుకుని వచ్చినవాళ్లకు ఉన్న నిప్పు ఒక్కటే, మా అమ్మ పొయ్యి. వాళ్లు గుండిగ చుట్టూ మూగారు. ఇడ్లీ అడిగేవాడు, సాంబారు అడిగేవాడు, నిప్పు అడిగేవాడు, అందరి నెత్తి మీదా వాన. అమ్మ పట్టకారుతో ఒక బొగ్గు తీసి పట్టుకునేది, వాళ్లు వంగి అంటించుకునేవారు. కాసేపటికి ఎవరో పట్టకారు తీసుకుని వెనకవాళ్లకు నిప్పు అందించడానికి పోయారు. అది తిరిగి రాలేదు. నేను వెనుక ఆకులు తుడుస్తున్నాను.

అప్పుడే మేస్త్రీ గేటు దాటి వచ్చారు. జనం దారి ఇచ్చారు. ఆయన ఒక బీడీ తీసి ముందుకు చాచి, "అమ్మా, అంటించి ఇయ్యి, చలి సంపుతా ఉండాది," అన్నారు.

అమ్మ కుడి చేతిలో సాంబారు గరిట ఉంది. కళ్లు గుండిగ మీద ఉన్నాయి. ఎడమ చేత్తో బీడీ అందుకుంది. పెదవుల మధ్య పెట్టుకుంది. పొయ్యి మీదికి వంగి, కొస ఎర్రబడేదాకా రెండు సార్లు పీల్చింది. కాలే కొస తనవైపు తిప్పుకుని, నోటి కొస ఆయనవైపు చాచి పట్టుకుంది. తల ఎత్తలేదు. ఆమె ఇంకా సాంబారు వైపే చూస్తోంది. నాన్న బతికి ఉన్న రోజుల్లో ప్రతి షిఫ్టుకూ గడప దగ్గర ఆమె ఎలా ఇచ్చిందో నేను చూసినదాన్ని. ఇప్పుడూ సరిగ్గా అలాగే ఇచ్చింది. తానేమి చేసిందో ఆమెకు తెలియదు.

మేస్త్రీ ఆ బీడీని అందుకోలేదు. తరువాత వెనకనుంచి ఒక ముసలాయన గొంతు లేచింది.

"తీసుకో మేస్త్రీ, తీసుకో! ఇంటామె అంటించి ఇచ్చింది. డ్యూటీకి టైమయింది."

గేటు దగ్గరున్న జనమంతా ఒక్కసారి విరగబడి నవ్వారు.

"చెల్లెలంటివి గదన్నా!"

"ఇంగ ఆ చోటు ఎవురూ తియ్యలేరప్పా, మేస్త్రీ ఇల్లే అది!"

"తాగి చెప్పన్నా, తియ్యగుండాదా?"

అమ్మ అప్పుడు తల ఎత్తింది. తన చేతిలో ఉన్నది చూసింది, అది ఎవరివైపు చాచి ఉందో చూసింది. చెయ్యి వెనక్కి తీసుకునేలోపలే మేస్త్రీ ఆ బీడీని లాక్కున్నారు. ఆయన ముఖం నల్లబడింది. అంతమందిలో ఆయనను చూసి ఎవరైనా నవ్వడం నేను ఎన్నడూ ఎరగను. బీడీని చట్నీ గిన్నెలో వేశారు. అది చుయ్యిమని ఆరింది.

"రేపట్నుంచి నువ్వు ఈడ కూర్చోవద్దు," అన్నారు.

"అన్నా, చెయ్యి అలవాటన్నా, చూసుకోలేదు—"

ఆయన వినలేదు. వానలో గొడుగు కూడా విప్పకుండా వెళ్లిపోయారు. నవ్వు ఆయన వెనకాలే కొంతదూరం పోయింది. ఇన్ని నెలల్లో ఆ నవ్వు మా అమ్మ మీద కాక మరొకరి మీద పడినది ఆ రోజే. దాని ధర మాత్రం అమ్మే చెల్లించింది. మిగిలినవాళ్లు అక్కడే నిలబడి పందెం సంగతి తేల్చుకోవడం మొదలుపెట్టారు. ఆమె పీల్చింది కాబట్టి ఓడిపోయిందని కొందరు. అంటించడానికి పీల్చింది త్రాగడం కాదని కొందరు. "నీ పెండ్లాము రోజూ పీలుస్తా ఉండాది, దాన్ని తాగుబోతు అంటావా?" అని ఒకడు అడిగితే రెండోవాడు అతని చొక్కా పట్టుకున్నాడు. చట్నీ పారబోసి, గిన్నె వాననీటితోనే కడిగి, మేము మిగిలిన ఇడ్లీలు మూటగట్టుకున్నాము.

మరుసటి ఉదయం నేను వద్దన్నా అమ్మ వెళ్లింది. వేరే దారి ఏముందని అడిగింది. నేనూ వెంట వెళ్లాను. పొయ్యి రాజుకుని మొదటి విడత ఇడ్లీ దిగే వేళకు మేస్త్రీ భార్య వచ్చింది. చేతిలో బకెట్టు ఉంది. వెనుక మా కుళాయి దగ్గరి ఆడవాళ్లు ఉన్నారు.

"యాడే నీ నోరు? సూపీ," అంది. "నా మొగునికి అంటించి ఇచ్చిన నోరు సూపీ."

"తల్లీ, చేతికి తెలీలేదు. ఇరవై ఏండ్లు అదే పని చేసిన చెయ్యి. ఆయనకిస్తా ఉండాననే అనుకోలేదు. నువ్వూ రోజూ అంటించి ఇస్తావు గదా, నీకు తెలీదా?"

ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది.

"నేను ఇచ్చేది నా మొగునికే! నీ మొగుడు మంచమెక్కి చచ్చినంక ఊళ్లో మొగుళ్లందరికీ ఇస్తావా? ఆ చెయ్యి ఆ పొయ్యిలోనే పెట్టు. పెట్టవే! అప్పుడు తెలుస్తాది చేతికి."

అమ్మ కదలలేదు. మేస్త్రీ భార్య బకెట్టు ఎత్తి నీళ్లన్నీ పొయ్యి మీద కుమ్మరించింది. ఆవిరీ బూడిదా లేచి అమ్మ మోకాళ్ల దాకా కమ్మేశాయి. గుండిగ పక్కకు ఒరిగి ఇడ్లీలు బురదలో పడ్డాయి. అమ్మ రెండు పాదాలూ కాలాయి. రాత్రి షిఫ్టు వాళ్లంతా అప్పుడే బయటికి వచ్చి ఉన్నారు. కొబ్బరితాడు మళ్లీ రగులుతోంది. దాని చుట్టూ నిలబడి త్రాగుతూ చూశారు. బూడిద నీళ్లు తనమీద చిందుతాయని గ్యాంగు కుర్రవాడు రెండడుగులు వెనక్కి వేసి, బీడీకి తడి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మేస్త్రీ ఆ దరిదాపుల్లో లేరు.

ఆడవాళ్లు వెళ్లిపోయాక నేను అమ్మను చేయి పట్టి లేపాను. నడవలేకపోయింది. పెట్టెంగడతను కాసేపు కూర్చోమని చెక్కపెట్టె ఒకటి జరిపాడు, మరుక్షణం చుట్టూ చూసి, "నాకు బేరం పోతాదమ్మా, లేయి," అన్నాడు. మేము ఇల్లు చేరేసరికి అమ్మ పాదాలు బొబ్బలెక్కాయి. ఆస్పత్రిలో కట్టు కట్టినతను ఎలా కాలిందని అడిగాడు. అమ్మ, "పొయ్యి ఒరిగింది," అంది.

ఆ వారమే మేస్త్రీ భార్య చెల్లెలు ఆ రాతి మీద కూర్చుంది. ఆమె ఇడ్లీ గట్టిగా ఉందనీ, సాంబారులో పప్పు లేదనీ మనుషులు చాటుగా గొణుక్కునేవారు. అయినా తినేవారు. బేరం బాగానే సాగింది.

పాదాలు మానాక అమ్మ బూదికోట దగ్గర తన తమ్ముడి చేలల్లోకి కూలికి వెళ్లిపోయింది. అక్కడ ముసలివాళ్లు గట్టు మీద కూర్చుని చుట్టలు త్రాగేవారు, వాళ్లలో ఆడవాళ్లూ ఉండేవారు. అమ్మ వాళ్ల పక్కన కూర్చుని తన బీడీ తాను త్రాగేది. ఎవరూ తల తిప్పి చూసేవారు కాదు. నేను ఆ ఏడు పరీక్షలకు కూర్చోలేదు. రాబర్ట్‌సన్‌పేటలో ఒక బట్టల అంగడిలో చీరలు మడతపెట్టే పనికి కుదిరి, మరుసటి సంవత్సరం బి.ఎ. పూర్తి చేశాను. మేస్త్రీని నేను తరువాత రెండుమూడుసార్లు బజారులో చూశాను. ఆయన పలకరించలేదు, నేనూ పలకరించలేదు.

మా లైనులో ఆ వానాకాలం తరువాత భార్యలెవరూ బీడీని నోట పెట్టి అంటించి ఇవ్వలేదు. మొదట మానినది మేస్త్రీ భార్య. ఆమెను చూసి మిగతావారూ మానారు. ప్రతి ఇంటి ముందూ పొయ్యి పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టుకున్నారు. మగవాళ్లు ఎప్పటిలాగే ఆరుబయట త్రాగారు. మా అమ్మ షాఫ్టు గేటు దగ్గర మళ్లీ ఇడ్లీ అమ్మలేదు.